సముద్రమంత నీళ్లలో కలిపినా పలచబడని రసాయనాలు

2016 జనవరిలో స్కాట్లాండ్ పశ్చిమాన ఉన్న టైరీ దీవి ఒడ్డుకు ఒక ఓర్కా తిమింగలం కళేబరం కొట్టుకొచ్చింది. పరిశోధకులు లులు అని పిలుచుకునే ఈ ఆడ తిమింగలం చేపల వేటకు వాడే తాడు చుట్టుకుని చనిపోయింది. అయితే చర్మం కింది కొవ్వును పరీక్షకు పంపినప్పుడు బయటపడింది వేరే కథ. కిలో కొవ్వులో పీసీబీలు అనే పారిశ్రామిక రసాయనాలు 957 మిల్లీగ్రాములు ఉన్నాయి. సముద్ర క్షీరదాలకు హాని మొదలయ్యే స్థాయిగా శాస్త్రవేత్తలు లెక్కలోకి తీసుకునేది కిలోకు సుమారు 9 మిల్లీగ్రాములు మాత్రమే. కనీసం 20 ఏళ్ల వయసున్న ఆ తిమింగలం జీవితంలో ఒక్క పిల్లను కూడా కనలేదని దాని అండాశయాలు చెప్పాయి.

పీసీబీలు ట్రాన్స్‌ఫార్మర్లు, కెపాసిటర్లలో నూనెగానూ, రంగుల్లో, భవనాల సందులు పూడ్చే పదార్థాల్లోనూ వాడిన క్లోరిన్ సమ్మేళనాలు. 1929లో వ్యాపార స్థాయిలో మొదలైన వీటి తయారీని చాలా దేశాలు 1970లు, 80లలోనే ఆపేశాయి. ఎప్పుడో ఆపేసిన రసాయనం, సముద్రపు నీటిలో పరికరాలకు సైతం అంత తేలిగ్గా చిక్కనంత తక్కువగా ఉన్న రసాయనం, ఒక జంతువు ఒంట్లో ఇంతగా ఎలా పోగుపడింది? చేపల్లో పాదరసం గురించీ, ‘శాశ్వత రసాయనాల’ గురించీ వార్తలు చదివేటప్పుడు కలిగే గందరగోళం చాలావరకు ఈ ఒక్క ప్రశ్న దగ్గరే ముడిపడి ఉంది.

మూడు గుణాలు ఒకచోట చేరినప్పుడు

విషపూరితమైన ప్రతి రసాయనమూ ఇలా పేరుకుపోయే కోవలోకి రాదు. సయనైడ్ పీసీబీల కంటే ఎన్నో రెట్లు వేగంగా చంపుతుంది, కానీ ప్రకృతిలో విచ్ఛిన్నమైపోతుంది, తరతరాలుగా పేరుకోదు. నిలకడ కాలుష్యకం అనిపించుకోవాలంటే ముందుగా అది సూర్యరశ్మికీ, సూక్ష్మజీవులకూ, జంతువుల కాలేయంలోని ఎంజైములకూ లొంగకూడదు. రెండోది, శరీరంలోకి వెళ్లే వేగం కంటే బయటికి పోయే వేగం బాగా తక్కువగా ఉండాలి. ఇక మూడోది, పుట్టిన చోటు నుంచి బహుదూరం ప్రయాణించగలగాలి. వీటికి విషగుణం కూడా తోడైతే దానిని దీర్ఘకాలిక సేంద్రియ కాలుష్యకం అంటారు. 2001లో ఆమోదం పొంది 2004లో అమల్లోకి వచ్చిన స్టాక్‌హోమ్ ఒప్పందం ఈ గుణాల ఆధారంగానే రసాయనాలను జాబితాలో చేర్చుకుంటుంది. డీడీటీ అనే పురుగుమందు, పీసీబీలు, చెత్త కాల్చినప్పుడూ కొన్ని పరిశ్రమల్లోనూ అనుకోకుండా పుట్టే డయాక్సిన్లతో కలిపి 12తో మొదలైన ఆ జాబితా ఇప్పటికీ పెరుగుతూనే ఉంది.

పాదరసం ఒక మూలకం కాబట్టి ఆ జాబితాలో ఉండదు. దానికోసం 2013లో ఆమోదించి 2017లో అమల్లోకి తెచ్చిన మినమాటా ఒప్పందం వేరే ఉంది. ప్రవర్తనలో మాత్రం రెండూ దగ్గరి చుట్టాలే.

డీడీటీ మెట్ల లెక్క

పాఠ్యపుస్తకాల్లో తరచూ కనబడే ఒక పట్టిక ఉంది. 1960లలో అమెరికాలోని లాంగ్ ఐలాండ్ తీరపు జలాల్లో జరిగిన అధ్యయనం దానికి మూలం. నీటిలో డీడీటీ 0.000003 పీపీఎం, జంతుప్లవకాల్లో (నీటిలో తేలే అతిచిన్న జీవుల్లో) 0.04, చిన్న చేపల్లో 0.5, పెద్ద చేపల్లో 2, చేపల్ని తినే పక్షుల్లో 25 పీపీఎం. ఒక పీపీఎం అంటే పది లక్షల భాగాల్లో ఒక భాగం. నీటి నుంచి పక్షి దాకా చూస్తే సాంద్రత దాదాపు 83 లక్షల రెట్లు పెరిగింది.

ఈ పట్టిక చూసినవారు ఆ పెరుగుదల అంతా ఒకదాన్నొకటి తినడం వల్లే జరిగిందనుకుంటారు. మెట్టు మెట్టుకూ భాగహారం చేసి చూస్తే లెక్క వేరేగా ఉంటుంది. నీటి నుంచి ప్లవకాలకు వచ్చేసరికే 13,000 రెట్లు పెరిగింది. అక్కడి నుంచి చిన్న చేపకు పన్నెండున్నర రెట్లు, చిన్న చేప నుంచి పెద్ద చేపకు 4 రెట్లు, పెద్ద చేప నుంచి పక్షికి మళ్లీ పన్నెండున్నర రెట్లు. అంటే ప్లవకం నుంచి పక్షి దాకా మొత్తం కలిపినా 625 రెట్లే. జంతుప్లవకాలు మొక్కల్లాంటి అతిచిన్న వృక్షప్లవకాలను తింటాయి కనుక మొదటి అంగలోనూ తిండి వాటా కొంత ఉంది. అయినా అందులో సింహభాగం నీటికీ, జీవపదార్థానికీ మధ్య నేరుగా జరిగే బదిలీదే.

డీడీటీ, పీసీబీ అణువులు నీటికి ఎడంగా ఉండి కొవ్వులో కరుగుతాయి. అపారమైన నీటిలో తేలే సూక్ష్మజీవి ఒంట్లోని పిసరంత కొవ్వు వాటికి ఆశ్రయం. సముద్రం విశాలమైంది కాబట్టి అందులో కలిపితే ఏదైనా పలచబడిపోతుందన్న పాత నమ్మకం తప్పిపోయింది ఇక్కడే. పలచబడిన దాన్ని మళ్లీ పోగుచేసే పనివాళ్లు ప్రతి నీటి బొట్టులోనూ ఉన్నారు.

తినడం వల్ల జరిగే పెరుగుదలను జైవిక వృద్ధీకరణం అంటారు. ఒక చేప తన జీవితకాలంలో తన బరువుకు ఎన్నో రెట్ల తిండి తింటుంది. అందులో ఎక్కువ భాగం కదలికకూ, శ్వాసకూ ఇంధనంగా ఖర్చయిపోతుంది. లొంగని అణువులు మాత్రం ఖర్చు కావు. ఉప్పుమడిలో నీరు ఆవిరై ఉప్పు మిగిలినట్టు అవి ఒంట్లో మిగిలిపోతాయి. ఆ చేపల్ని వందలుగా తినే జంతువులో అదే తంతు మరోసారి జరుగుతుంది.

ఫలితం ఎలా ఉంటుందో 1970లో కాలిఫోర్నియా తీరాన అనకాపా దీవిలో కనబడింది. అక్కడ ఆ ఏడాది 552 జతల గోధుమరంగు పెలికాన్లు గూళ్లు పెడితే బతికి బయటపడింది ఒకే ఒక్క పిల్ల. డీడీటీ శరీరంలో మారి ఏర్పడే డీడీఈ, గుడ్డు పెంకు తయారయ్యే గ్రంథికి కాల్షియం సరఫరాను దెబ్బతీస్తుంది. పెలికాన్ తన గుడ్లను పాదాల వేళ్ల మధ్య ఉండే చర్మంతో కప్పి, బరువంతా వాటిమీద మోపి పొదుగుతుంది. పలచబడిన పెంకులు ఆ బరువుకే పగిలిపోయాయి. తల్లికి జబ్బు చేసినట్టు పైకి ఏమీ తెలియలేదు, గూట్లో చూస్తే నలిగిన పెంకులు.

శరీరం అనే తొట్టి: అర్ధాయువు చేసే తేడా

రోజుకు ఎంత తింటున్నామన్నది సగం లెక్కే. మిగతా సగం అర్ధాయువు, అంటే ఒంట్లో చేరిన రసాయనంలో సగం బయటికి పోవడానికి పట్టే కాలం. మనిషి శరీరంలో మిథైల్ పాదరసానికి ఇది సుమారు 50 రోజులు. పీఎఫ్‌ఓఎస్ అనే ఫ్లోరిన్ సమ్మేళనానికి 3 నుంచి 5 ఏళ్లు, కొన్ని పీసీబీలకు 10 ఏళ్లు, అంతకు మించి కూడా.

రెండు రసాయనాలు రోజుకు ఒక్కో మైక్రోగ్రాము చొప్పున ఒంట్లోకి వెళుతున్నాయనుకుందాం. ఒకదాని అర్ధాయువు 50 రోజులు, రెండోదానిది 5 ఏళ్లు. పైనుంచి సన్నని ధార పడుతూ, అడుగున రంధ్రం ఉన్న తొట్టిలో నీటిమట్టం ఒకచోట నిలబడినట్టే, ఒంట్లోని మొత్తం కూడా కొంతకాలానికి స్థిరపడుతుంది. మొదటిది 72 మైక్రోగ్రాముల దగ్గర ఆగుతుంది. రెండోది 2,600 దాటాకగానీ ఆగదు. అక్కడికి చేరడానికి దానికి 20 ఏళ్లకు పైగా పడుతుంది కూడా. ఇప్పుడు రెండింటి రాకా ఆగిపోయిందనుకుందాం. ఏడాది తిరిగేసరికి మొదటిదానిలో ఒక శాతం కూడా మిగలదు. రెండోదానిలో 87 శాతం అలాగే ఉంటుంది. ‘చాలా కొద్ది మోతాదే కదా’ అన్న ఊరడింపు మొదటి రకానికి సరిపోయినట్టు రెండో రకానికి సరిపోదు.

తొట్టికి ఇంకో తూము కూడా ఉంది. ఆడ తిమింగలాలు, సీల్స్ తమ కొవ్వును పాలుగా మార్చి పిల్లలకు ఇస్తాయి, దానితోపాటు కొవ్వులోని రసాయనాలూ వెళతాయి. అందరికంటే ఎక్కువ భారం పడేది మొదటి కాన్పు పిల్లమీద. అందుకే పిల్లల్ని కన్న ఆడ తిమింగలాల్లో పీసీబీలు తగ్గుతాయి, మగవాటిలో వయసుతో పెరుగుతూనే పోతాయి. లులు ఒంట్లో అంత మొత్తం మిగిలి ఉండటానికి ఇది ఒక కారణం. ఆ తూము ఎన్నడూ తెరుచుకోలేదు.

వాడని చోట కనబడటం

1980లలో కెనడాలోని క్విబెక్ రాష్ట్రంలో ఎరిక్ దెవాయీ అనే వైద్యుడి బృందం తల్లిపాలలో పీసీబీలను కొలిచింది. ఉత్తరాన ఆర్కిటిక్ ప్రాంతంలో, పరిశ్రమలకు వేల కిలోమీటర్ల దూరంలో ఉన్న ఇన్యూట్ ఆదివాసీ స్త్రీల పాలు శుభ్రంగా ఉంటాయి కాబట్టి పోల్చి చూడటానికి పనికొస్తాయన్నది ముందటి అంచనా. తీరా చూస్తే దక్షిణాది స్త్రీల పాలలో కంటే అక్కడే సుమారు 5 రెట్లు ఎక్కువగా ఉన్నాయి.

ఈ రసాయనాలు వెచ్చని చోట కొద్దికొద్దిగా ఆవిరై గాలిలో కలిసి, చల్లని చోట మళ్లీ నేలమీదో నీటిమీదో దిగుతాయి. మళ్లీ వెచ్చబడితే మళ్లీ లేస్తాయి. ఇలా గెంతుతూ గెంతుతూ వెళ్లి, తిరిగి లేవలేనంత చలి ఉన్న ధ్రువాల దగ్గర పేరుకుంటాయి. దీన్ని మిడత గెంతు అని పిలవడం అందుకే. అక్కడి ఆహారపు గొలుసు పొడవైనది, కొవ్వు మీద ఆధారపడినది. సీల్‌నూ, తిమింగలాన్నీ తినే మనుషులు ఆ గొలుసులో కొసన ఉంటారు.

పైకి వెళ్లినట్టే అడుగుకూ వెళ్లాయి. పది వేల మీటర్లకు మించిన లోతున్న మరియానా అగాధం నుంచి పైకి తెచ్చిన రొయ్యల జాతి చిన్న జీవుల్లో పీసీబీలు ఉన్నాయని 2017లో అలాన్ జేమీసన్ బృందం ప్రకటించింది. చైనాలో బాగా కలుషితమైన లియావో నది నీరు పారే వరిపొలాల్లోని పీతలతో పోల్చినా, అగాధపు జీవుల్లో కొన్నింట 50 రెట్ల దాకా ఎక్కువ ఉన్నాయి. పైనుంచి రాలే కళేబరాలూ, వ్యర్థాలే వాటి తిండి. వాటితోపాటు అంటుకుని ఉన్నవీ దిగుతాయి.

కొవ్వు లెక్కకు లొంగని పీఫాస్

ఇంతవరకు చెప్పుకున్న సూత్రాన్ని ‘శాశ్వత రసాయనాలు’గా పేరుపడ్డ పీఫాస్ కుటుంబం తలకిందులు చేసింది. అంటుకోని పెనాలు, తడవని బట్టలు, ఇంధన మంటలను ఆర్పే నురుగు వంటివాటి వెనుక ఉన్న ఈ వేలాది రసాయనాల్లో కార్బన్, ఫ్లోరిన్‌ల మధ్య బంధం ఉంటుంది. సేంద్రియ రసాయనశాస్త్రంలో ఇంతకంటే బలమైన ఏకబంధం లేదు. వీటిలో బాగా పరిశీలనకు వచ్చిన పీఎఫ్‌ఓఎస్, పీఎఫ్‌ఓఏలు కొవ్వులో చేరవు. రక్తంలోని ప్రోటీన్లకు అతుక్కుని, రక్తంలోనూ కాలేయంలోనూ ఉంటాయి. ‘కొవ్వులో ఎంత కరుగుతుంది’ అన్న పాత పరీక్ష ఆధారంగా వీటిని అంచనా వేయబోయినవారు పొరబడటానికి ఇదే కారణం.

మరో చిక్కు ఊపిరితో ముడిపడి ఉంది. నీటిలో కొంత కరిగే రసాయనాన్ని చేప తన మొప్పల గుండా తిరిగి నీటిలోకి వదిలేయగలదు. గాలి పీల్చే సీల్‌కూ, పక్షికీ, మనిషికీ ఆ దారి లేదు, ఊపిరితిత్తుల నుంచి గాలిలోకి అది ఎగరదు. అందువల్ల చేపల్లో అంతగా పేరుకోని రసాయనం చేపల్ని తినే సీల్‌లో మాత్రం పేరుకోగలదు. చేపల మీద మాత్రమే పరీక్షించి ‘పేరుకోదు’ అని ముద్ర వేస్తే దొర్లే పొరపాటు అది.

పీఫాస్ అంతిమంగా చేరే చోటు సముద్రమేనని చాలాకాలం అనుకున్నారు. కానీ ఈ అణువులు సబ్బులాంటివి, నీటి పైపొరలో చేరతాయి. అలలు విరిగి బుడగలు పగిలినప్పుడు లేచే సన్నని తుంపరలో సముద్రపు నీటిలో కంటే ఎన్నో రెట్లు గాఢంగా ఉంటాయి. ఆ తుంపర గాలితో తీరానికి వస్తుంది. సముద్రం వీటిని దాచుకోవడమే కాదు, కొంత తిప్పి పంపుతుంది కూడా.

ఒకే చేప, రెండు హద్దులు

పాదరసం దగ్గరికి వస్తే శాస్త్రవేత్తల మధ్యే నిజమైన అభిప్రాయభేదం కనిపిస్తుంది. బొగ్గు మంటల నుంచీ, చిన్నతరహా బంగారు గనుల నుంచీ, కొంత అగ్నిపర్వతాల నుంచీ వెలువడిన పాదరసాన్ని, ఆక్సిజన్ తక్కువగా ఉన్న చోట్ల బ్యాక్టీరియా మిథైల్ పాదరసంగా మారుస్తుంది. ఇది కొవ్వులో కాక కండలోని ప్రోటీన్‌కు అతుక్కుంటుంది. జపాన్‌లోని మినమాటా అఖాతంలో ఒక రసాయన కర్మాగారం 1932 నుంచి 1968 దాకా దీన్ని వదిలింది. అక్కడి చేపల్ని తిన్నవారి నాడీవ్యవస్థ దెబ్బతినడాన్ని అధికారికంగా గుర్తించింది 1956లో. అంత పెద్ద మోతాదు చేసే హాని మీద వాదన లేదు. వాదనంతా రోజువారీ తిండిలో వచ్చే చిన్న మోతాదు మీదే.

దానికి జవాబు వెతికిన రెండు పెద్ద అధ్యయనాలు ఎదురెదురుగా నిలిచాయి. ఉత్తర అట్లాంటిక్‌లోని ఫారో దీవుల్లో 1986, 87లలో పుట్టిన వెయ్యిమందికి పైగా పిల్లల్ని అనుసరించిన పరిశోధకులకు, పుట్టినప్పుడు బొడ్డుతాడు రక్తంలో పాదరసం ఎక్కువగా ఉన్నవారు ఏడేళ్ల వయసులో భాష, శ్రద్ధ, జ్ఞాపకశక్తి పరీక్షల్లో వెనకబడ్డారని తేలింది. హిందూ మహాసముద్రంలోని సీషెల్స్ దీవుల్లో తల్లులు వారానికి సగటున 12 పూటలు చేపలు తినేవారు, అక్కడి పిల్లల్లో అలాంటి స్థిరమైన హాని కనబడలేదు. ఫారోలో పాదరసం ప్రధానంగా పైలట్ తిమింగలం మాంసం నుంచి వచ్చింది, అందులో పీసీబీలు కూడా ఎక్కువ. సీషెల్స్‌లో అది మామూలు సముద్రపు చేపల నుంచి వచ్చింది, వాటిలో మెదడు ఎదుగుదలకు తోడ్పడే ఒమేగా-3 కొవ్వులున్నాయి. రెండు అధ్యయనాలూ నిజమే చెబుతూ ఉండవచ్చు.

ఈ తేడా నేరుగా హద్దుల్లోకి దిగింది. అమెరికా పర్యావరణ సంస్థ ఫారో ఫలితాల్ని ఆధారం చేసుకుని, భద్రత కోసం 10తో భాగించి, కిలో శరీర బరువుకు రోజుకు 0.1 మైక్రోగ్రాము అంది. ఐక్యరాజ్యసమితి ఆహార, ఆరోగ్య సంస్థల ఉమ్మడి నిపుణుల కమిటీ 2003లో రెండు అధ్యయనాల సగటు తీసుకుని, 6.4తో భాగించి, కిలో శరీర బరువుకు వారానికి 1.6 మైక్రోగ్రాములంది. 60 కిలోల మనిషికి మొదటి లెక్క ప్రకారం వారానికి 42 మైక్రోగ్రాములు, రెండో లెక్కలో 96.

కిలోకు 0.05 మిల్లీగ్రాముల పాదరసం ఉన్న చిన్న చేప అయితే మొదటి హద్దుకు చేరడానికి వారానికి 840 గ్రాములు తినాలి, రెండోదానికి దాదాపు రెండు కిలోలు. కిలోకు 1 మిల్లీగ్రాము ఉన్న పెద్ద వేటచేప అయితే 42 గ్రాములకే మొదటిది, 96 గ్రాములకు రెండోది. రెండు సంస్థల మధ్య తేడా రెండు రెట్ల చిల్లర, రెండు చేపల మధ్య తేడా 20 రెట్లు. హద్దు ఎవరిది సరైందన్న చర్చ ఎంత సాగినా, ఏ చేప అన్నదే పెద్ద ప్రశ్నగా నిలుస్తుంది. చేపల్ని అసలే మానేస్తే పోయే పోషకాల నష్టమూ లెక్కలోకి రావాలని అదే ఐక్యరాజ్యసమితి సంస్థల నిపుణులు 2010లో గుర్తుచేశారు. బాల్టిక్ సముద్రపు కొన్ని చేపల్లో డయాక్సిన్లు ఐరోపా హద్దును దాటినా, స్వీడన్, ఫిన్లాండ్‌లు వినియోగదారులకు సలహాలిస్తూ తమ దేశాల్లో అమ్మకానికి మినహాయింపు పొందడం వెనుకా ఈ తూకమే ఉంది.

ప్లాస్టిక్ వాటా ఎంత?

టోక్యో అఖాతంలో తేలే ప్లాస్టిక్ గుళికల మీద పీసీబీలు చుట్టూ ఉన్న నీటికంటే లక్షల రెట్లు గాఢంగా పేరుకోగలవని 2001లో తేలాక, విషాన్ని ఆహారపు గొలుసులోకి మోసుకెళ్లేది ప్లాస్టికేనన్న మాట బాగా వ్యాపించింది. పీల్చుకోవడం నిజమే. కానీ ప్లవకాలూ అదే పని చేస్తాయి, సముద్రంలో వాటి రాశి ముందు ప్లాస్టిక్ రాశి చాలా చిన్నది. అందువల్ల చేప ఒంటికి చేరే పాత రసాయనాల్లో అత్యధిక భాగం తిండి నుంచే వస్తుందని చాలామంది పరిశోధకుల అంచనా. ప్లాస్టిక్ తయారీలోనే కలిపే రసాయనాల సంగతి వేరు, వాటికి ప్లాస్టికే వాహనం.

నిషేధాలు ఏం సాధించాయి?

డీడీటీని అమెరికా 1972లో నిషేధించింది. పెలికాన్ల సంఖ్య క్రమంగా కోలుకుని, 2009లో వాటిని అంతరించే ప్రమాదమున్న జాబితా నుంచి తొలగించారు. ఆర్కిటిక్ జీవుల్లోనూ పాత తరం రసాయనాల స్థాయి మొత్తంమీద తగ్గుతూ వచ్చింది. నిషేధం పనిచేస్తుంది, నిదానంగా.

అయితే నిషేధించే పద్ధతి మీద వాదన ముగియలేదు. ఒక్కో రసాయనాన్ని విడివిడిగా విచారిస్తే, జాబితాలో చేరేలోపు దాని తమ్ముడు మార్కెట్లోకి వస్తాడు. పీఫాస్ కుటుంబంలోని పీఎఫ్‌ఓఎస్ 2009లో, పీఎఫ్‌ఓఏ 2019లో, పీఎఫ్‌హెచ్‌ఎక్స్‌ఎస్ 2022లో స్టాక్‌హోమ్ జాబితాకెక్కాయి. వేలల్లో ఉన్న కుటుంబానికి ఈ వేగం చాలదని వాదించేవారు మొత్తం వర్గాన్నే ఒకేసారి కట్టడి చేయమంటారు. 2023 జనవరిలో జర్మనీ, నెదర్లాండ్స్, డెన్మార్క్, స్వీడన్, నార్వేలు ఐరోపా రసాయనాల సంస్థకు ఇచ్చిన ప్రతిపాదన ఆ దారిలోనిదే. పరిశ్రమల వాదన వేరు. ఈ కుటుంబంలో పెద్ద పాలిమర్ అణువులు కణాల్లోకి చొరబడవని, వైద్య పరికరాలకూ చిప్‌ల తయారీకీ వాటికి బదులు ఇంకా దొరకలేదని వారంటారు. ఆ పాలిమర్ల తయారీలోనూ, పారేశాకా ఏం వెలువడుతుందన్నది ఎదుటివారి ప్రశ్న. మలేరియా నివారణకు ఇళ్లలోపల డీడీటీ చల్లడానికి స్టాక్‌హోమ్ ఒప్పందంలో మినహాయింపు ఉందన్నది ఈ రెండు పక్షాలూ ఉదహరించుకోగల ముందటి నిర్ణయం.

తయారైపోయిన సరుకు సంగతి ఇంకా మిగిలే ఉంది. ప్రపంచంలో మొత్తం సుమారు 13 లక్షల టన్నుల పీసీబీలు తయారయ్యాయని అంచనా. ఒప్పందం ప్రకారం వీటిని పరికరాల్లో వాడటం 2025కల్లా ఆగాలి, వ్యర్థాలను 2028కల్లా సురక్షితంగా వదిలించుకోవాలి. పాత ట్రాన్స్‌ఫార్మర్లలో, భవనాల సందుల్లో, సముద్రపు అడుగు బురదలో ఉన్నవి మాత్రం ఆ గడువులతో నిమిత్తం లేకుండా కొద్దికొద్దిగా జారుతూనే ఉన్నాయి. పీసీబీల వల్లే ప్రపంచంలోని ఓర్కా సమూహాల్లో సగానికి పైగా దీర్ఘకాలంలో క్షీణించే ప్రమాదముందని 2018లో వెలువడిన ఒక అధ్యయనం చెప్పింది. అది గణిత నమూనా మీద ఆధారపడిన అంచనా, తీరాలకు దూరంగా చేపలు తిని బతికే ఓర్కాల పరిస్థితి అంత విషమంగా లేదని కూడా ఆ నమూనాయే చూపింది.

లులు సమూహంలో దశాబ్దాల పరిశీలన కాలంలో ఒక్క పిల్ల కూడా నమోదు కాలేదు. అంత చిన్న సమూహంలో దగ్గరి సంబంధాలూ కారణం కావచ్చు, పీసీబీల వాటా ఎంతో కచ్చితంగా విడదీయలేము. ఇటీవలి సంవత్సరాల్లో అక్కడ కనబడుతున్నవి జాన్ కో, అక్వేరియస్ అనే రెండే. రెండూ మగవే.